తొమ్మిది ముళ్ల దారం

మల్కాజ్‌గిరిలో మా అపార్టుమెంటు కింద ఈమధ్యే ఒకతను వడ్రంగి దుకాణం పెట్టాడు. నిన్నటి వానకి అతని రంపపు పొట్టు తడిసింది. ఆ పచ్చి, పుల్లటి వాసన మూడో అంతస్తు దాకా వచ్చేసరికి కాఫీ గ్లాసు పక్కన పెట్టేసి కిందికి దిగాను. గుప్పెడు పొట్టు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటే అతను నన్ను వింతగా చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు రెజిమెంటల్ బజార్‌లో రూతు మేడమ్‌ని అందరూ అలాగే చూసేవారు.

మౌలాలి గుట్ట కనిపించే చోట ఒక చిన్న ప్రైవేటు ప్రయోగశాల ఉండేది. నేను ఎమ్మెస్సీ అయిపోయి చేరిన మొదటి ఉద్యోగం అది, మేడమ్ నా పై అధికారి. కోస్తా నుంచి టీచరు ఉద్యోగానికి సికిందరాబాద్ వచ్చి స్థిరపడిన తండ్రికి ఒక్కతే కూతురు. ఆదివారం ప్రార్థనకి కట్టుకునే చీరంత శుభ్రమైన చీరలోనే పొట్టు సంచీ కూడా మోసుకొచ్చేవారు. సుబాబుల్ చెక్క పొట్టు మాత్రమే కావాలి, ఇంకో చెక్క పలుకు కలిసినా ఒప్పుకునేవారు కాదు. రెజిమెంటల్ బజార్‌లో ఆ పొట్టు ఇచ్చే కట్టెల దుకాణం అతను ఒకసారి ఉండబట్టలేక అడిగాడు.

"ఏంది మేడమ్, పొయ్యిలకా?"

"కాదు నాయనా, ఇందులో చక్కెర ఉంది. అది తియ్యాలి."

అతను చిటికెడు పొట్టు నాలిక మీద వేసుకుని ఉమ్మేశాడు. "తీపేం లేదు. జెర పరేషాన్ చెయ్యకుండ్రి మేడమ్."

"నేనింకా తియ్యలేదు కదా!" అని మేడమ్ పడీ పడీ నవ్వారు.

ఆవిడ చెప్పింది నిజమే. చెక్కలో సెల్యులోజ్ ఉంటుందని బడిపిల్లలకీ తెలుసు. దాన్ని అల్లుకుని హెమీసెల్యులోజ్ అని ఇంకోటి ఉంటుంది, అదీ చక్కెరల గొలుసే. కాగితం మిల్లుల్లో చాలావరకు వ్యర్థంగా పోతుంది. మేం పొట్టుని కాస్టిక్ సోడాలో నానబెట్టి ఆ గొలుసుని బయటికి లాగేవాళ్లం. తర్వాత దానికి నత్రజని ఉన్న ఒక రసాయనాన్ని తగిలిస్తే గొలుసు పొడుగునా ధనావేశం వస్తుంది. బురద రేణువులకి ఉండేది రుణావేశం. కాబట్టి ఈ గొలుసు వాటిని దగ్గరికి లాక్కుని ముద్దచేసి అడుక్కి దింపాలి, పటిక చేసే పని చెక్కపొట్టు చెయ్యాలి. ఇది మేడమ్ నాకు మొదటిసారి చెప్పినప్పుడు, పారేసే దాంట్లో ఇంత పని దాగి ఉందా అని నాకు ఆ రోజు అన్నం కూడా సరిగ్గా సహించలేదు.

అన్నిటికంటే విసుగు పుట్టించే పని కడగడం. తయారైన సరుకుని డయాలిసిస్ సంచిలో పోసి నీళ్ల తొట్టిలో వేలాడదియ్యాలి. ఉప్పు, మిగిలిపోయిన రసాయనం సన్నటి పొరలోంచి బయటికి పోతాయి, పెద్ద గొలుసు లోపలే ఉంటుంది. మూడు రోజుల్లో తొమ్మిదిసార్లు నీళ్లు మార్చాలి. మార్చినప్పుడల్లా సంచి కట్టిన నూలు దారానికి ఒక ముడి వెయ్యాలి, అది మేడమ్ పెట్టిన పద్ధతి. "పుస్తకంలో తర్వాతైనా రాసుకోవచ్చమ్మా, ముడి మాత్రం తొట్టి దగ్గరికొస్తేనే పడుతుంది" అనేవారు.

ఆ ఏడాది చివర్లో మా పని చూసి, ప్రాజెక్టు ఉంచాలా మూసెయ్యాలా తేల్చడానికి శుక్రవారం కమిటీ వస్తుందన్నారు. మూసేస్తే నా ఉద్యోగం పోతుంది. మేడమ్‌కి రిటైరయ్యే ముందు అదే ఆఖరి ప్రాజెక్టు. నా సరుకు తయారయ్యేసరికి మంగళవారం సాయంత్రమైంది. బుధవారం మూడుసార్లు నీళ్లు మార్చాను. గురువారం పొద్దున్న తొట్టి దగ్గర నిలబడి, మిగతా ఆరు ముళ్లూ వరసగా వేసేశాను. సంచిలోది కొంచెం తీసి బురద నీళ్లలో పోస్తే ఐదు నిమిషాల్లో గ్లాసు అవతల ఉన్న గడియారం అంకెలు కనబడ్డాయి. మేడమ్ వచ్చి గ్లాసు చూశారు, దారం చూశారు, "బాగుంది" అన్నారు. ఆవిడ ఎప్పుడూ అంత ముక్తసరిగా మాట్లాడరని నాకు తోచనేలేదు.

సాయంత్రం, ఆమ్లం కలిపి కాస్టిక్ ఘాటు తగ్గించి పారబోద్దామని మొదటి కడుగు నీళ్ల బకెట్ ఎత్తాను. ఏం బుద్ధి పుట్టిందో, కొంచెం ఇంకో బురద గ్లాసులో పోశాను. అదీ తేరుకుంది. ఆ బకెట్‌లో మా గొలుసు లేదు, ఉన్నదంతా సంచిలోంచి వచ్చిన ఉప్పూ రసాయనమే! మూడుసార్లే కడిగిన నా సంచిలోనూ అవి ఇంకా మిగిలే ఉంటాయి. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ గ్లాసు కడిగేసి ఊరుకుందామా అని కూడా అనుకున్నాను. శుక్రవారం పొద్దున్నే దాన్ని పట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్లాను.

"మేడమ్, నేను మోసం చేసిన. మూడుసార్లే నీళ్లు మార్చిన. కడమ ముళ్లు ఊరికే ఏసిన."

ఆవిడ కోప్పడలేదు. గ్లాసు లాక్కుని కిటికీ దగ్గర పెట్టి, "ఇది వొట్టి కడుగు నీళ్లతో తేరిందా? ఎంతసేపట్లో?" అని అడిగారు. అన్నీ కాగితం మీద రాసుకున్నాక నెమ్మదిగా అన్నారు. "నిన్ననే తెలుసమ్మా నాకు. నీళ్లు మార్చి తడిచేత్తో వేసిన ముడి బిగుసుకుని గోరుకి కూడా లొంగదు. నీవి ఆరు పొడిగా, వదులుగా ఉన్నాయి."

"మరి అడగకపోతిరి?"

"చెప్తావో లేదో చూద్దామనిపించింది."

"చెప్పకపోతే ఏం చేస్తుంటిరి మేడమ్?"

"కడగడం సరిపోలేదు, ఈ ఫలితం నమ్మకండి, తప్పు నాది అని కమిటీకి చెప్పేదాన్ని. నీ పేరెందుకు వస్తుంది?"

నాకు ఏడుపాగలేదు. ఆవిడ మాత్రం రెండు గ్లాసులూ ట్రేలో పెట్టుకుని కమిటీ ముందుకి నడిచారు. నీళ్లు తేర్చింది మా గొలుసో, ఉప్పో ఇంకా తెలీదని చెప్పి, రెండు వారాలు అడిగారు. వాళ్లు ఇవ్వలేదు. లెక్కలు సర్దుకోవడానికి నెల గడువిచ్చి ప్రాజెక్టు మూసేశారు.

ఆ నెలలో కొత్త సరుకు చేసి, తొమ్మిదిసార్లూ నిజంగా కడిగాను. ఈసారి బురద తేరడానికి అరగంట పైనే పట్టింది, కానీ తేరింది. ఉప్పు సాయం లేకుండా, మా చెక్కపొట్టు గొలుసే తేర్చిన నీళ్లు. చూడ్డానికి మేమిద్దరమే ఉన్నాం. మేడమ్ చిన్నపిల్లలా రెండు చేతులూ చెంపలకి ఆనించుకుని, అరగంటా కుర్చీలోంచి లేవలేదు.

ఆవిడ పోయి రెండేళ్లయింది. నేనిప్పుడు ఇంకో ప్రయోగశాలలో అదే పని చేస్తున్నాను. ఇవాళ పొద్దున కూడా ఫోనొచ్చింది, రిపోర్టు సాయంత్రానికల్లా కావాలట. దారానికి ఆరు ముళ్లే ఉన్నాయి. రేపు సాయంత్రం ఇస్తానని చెప్పి, తొట్టిలో నీళ్లు మార్చి, తడిచేత్తో ఏడోది వేశాను.