వెంకటప్పయ్య గుండిగ

చలికాలం వచ్చిందని మిగతా ఊళ్లకు పొగమంచు చూస్తే తెలుస్తుంది. జూలూరుపాడు అవతల, అడవిని ఆనుకుని ఉన్న ఆ ఊరికి మాత్రం వెంకటప్పయ్య అటక మీంచి ఇత్తడి గుండిగ దించి కళాయి పెట్టిస్తే తెలిసేది. అది దిగిందంటే ఇక శివరాత్రి దాకా ఆయన కాచే ఉలవచారు తాగకుండా తప్పించుకునే మొనగాడు ఆ ఊళ్లో లేడు. మనిషి చాలా మంచివాడు. ఒకరి జోలికి పోడు, ఒకరితో పోట్లాడడు. చేతిలో చారు గ్లాసు ఉన్నప్పుడు మాత్రం ఆయనకు ఎదురుపడకూడదు. చిక్కల్లా ఏమిటంటే, చలికాలమంతా ఆయన చేతిలో చారు గ్లాసు ఉండేది.

"నేను కాపురానికి వచ్చినప్పుడు మనిషి బాగానే ఉన్నాడమ్మా. ఈ చారు పిచ్చి నాలుగైదేళ్ల నుంచే పట్టింది" అని ఆయన భార్య పద్మావతమ్మ ఇంటికొచ్చిన వాళ్లందరికీ సంజాయిషీ చెప్పుకునేది. ఆమె మధిర వైపు పిల్ల. వెంకటప్పయ్య వాళ్ల నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నాడు. రెండు వైపులా ఉలవచారు ఎరిగినవాళ్లే. ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టిన రోజు గింజలు ఎడ్లకు పెట్టి, వార్చిన కట్టుతో మనుషులు చారు కాచుకోవడం ఆమె పుట్టింట్లోనూ ఉంది. కానీ అది ఇంటికి సరిపడా ఒక చట్టెడు. ఊరికి సరిపడా గుండిగ ఎవరైనా పెడతారా?

వెంకటప్పయ్య పెట్టాడు. నానబెట్టిన ఉలవలు పొద్దున్నే గుండిగలో పోసి, పెరట్లో మూడు రాళ్ల పొయ్యి కింద మొద్దులు ఎగదోస్తూ కూర్చునేవాడు. గింజ వేళ్ల మధ్య మెత్తగా నలిగేదాకా ఉడికాక కట్టు వార్చి, గింజల్లో ఇంత తవుడు కలిపి ఎడ్ల గాడిలో పోసేవాడు. ఆ తర్వాత కట్టులో చింతపండు పులుసు, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, ఒక బెల్లం ముక్క వేసి సన్న సెగ మీద మరగనిచ్చేవాడు. గరిటె ఎత్తితే చారు నీళ్లలా పడకూడదు, బరువుగా జారాలి. మార్గశిరం వచ్చిందంటే మిరియాలు దంచి వేసేవాడు, చలి ముదిరితే శొంఠి కూడా. చివర్న వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చి నేతిలో వేయించి తాలింపు పెడితే ఆ వాసన పక్కనున్న తండా దాకా పోయేది.

కాచడంతో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా పొయ్యడంతోనే.

ఊళ్లో జనం తుమ్మడానికి భయపడేవాళ్లు. ఒకనాడు తండా నుంచి మిరపకాయలు ఏరడానికి వచ్చిన సోమ్లి కల్లం దగ్గర ఒక్క తుమ్ము తుమ్మింది. రెండో తుమ్ము వచ్చేలోగా ముక్కు ముందు గ్లాసు ప్రత్యక్షమైంది.

"జలుబు గాదు పెద్దయ్యా, మిరపకాయల ఘాటుకు తుమ్మిన" అంది సోమ్లి.

"ఘాటుకయినా ఇదే మందు. తాగు."

"నిన్న గూడ తాగిన గద!"

"నిన్న తుమ్మినదానికి నిన్న తాగావు. ఇవాళ తుమ్మినదానికి ఇవాళ తాగాలి."

సోమ్లి తాగింది. మర్నాటి నుంచి తుమ్ము వస్తే కొంగు నోట్లో కుక్కుకునేది. అయితే సాయంత్రం పని దిగి ఇంటికి పోయేటప్పుడు మాత్రం పెరటి దారినే వచ్చి, గిన్నె ముందుకు చాచి, ఒకటికి రెండుసార్లు గట్టిగా తుమ్మి మరీ పోయించుకునేది.

కొత్తగూడెం పోయే మొదటి బస్సుది ఇంకో కథ. పొగమంచులో లైట్లు వేసుకుని అది ఊరి స్టేజీ దగ్గర ఆగేసరికి వెంకటప్పయ్య తువ్వాలు తలకు చుట్టుకుని, చారు క్యానుతో నిలబడి ఉండేవాడు.

"పెద్దయ్యా, ఎక్కుతవా ఎక్కవా? జల్దీ చెప్పు" అనేవాడు కండక్టరు.

"ఎక్కేది నేను కాదురా, చారు. ముందు డ్రైవరుకు పోస్తా. చలికి ఆయన చేతులు వణికితే మీ అందరి గతేమిటి?"

డ్రైవరుకు పోస్తే కండక్టరు ఊరుకోడు. కండక్టరుకు పోస్తే ముందు సీట్లవాళ్లు ఊరుకోరు. క్యాను అడుగంటాక బస్సు కదిలేది. ఎందుకు ఆలస్యమైందని పైవాళ్లు అడిగితే కండక్టరు "అడివిల మంచు సార్" అని చెప్పి, మీసానికి అంటిన చారు తుడుచుకునేవాడు.

సూదిమందు వేసే డాక్టరు ఒకాయన వారానికోసారి సైకిలు మీద ఊరికి వచ్చేవాడు. ఆయన ఒకనాడు మొహం వేలాడేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "మా పనికి ఇదే గద పెద్దయ్యా సీజను. మీ ఊళ్ల ఒక్కడు గూడ దగ్గుతలేడు. నేనెట్ల బతకాలె?" వెంకటప్పయ్య నొచ్చుకున్నాడు, ఆయన్ను కూర్చోబెట్టి ఓదార్చాడు. ఓదార్పు అంటే రెండు గ్లాసులు. డాక్టరు మరుసటి వారం మందుల సంచీతోపాటు ఒక టిఫిన్ క్యారియరు కూడా తెచ్చుకున్నాడు.

ఇంతమందికి పోసినా తను మాత్రం అందరి ముందూ తాగేవాడు కాదు. "ఊరందరిదీ అయ్యాక నాది" అని అడుగున మిగిలింది గ్లాసులో పోసుకుని, ఎడ్ల కొట్టంలోకి పోయి తాగి వచ్చేవాడు. మగవాడికి వంట మీద ఇంత యావ ఉండటమే వింత అనుకుంటే, ఎడ్ల మధ్య నిలబడి తాగడం ఇంకో వింత అని పద్మావతమ్మ తల కొట్టుకునేది.

ఆ ఎడ్ల దగ్గరే అసలు పేచీ వచ్చింది.

వాటి పేర్లు మైలోడు, పుల్లోడు. ఒకప్పుడు చుట్టుపక్కల వాటి నాగలికి సాటి లేదు. ఇప్పుడు మైలోడికి ఒక కన్ను కనబడదు, పుల్లోడు పడుకుంటే లేవడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఇంతలో కొడుకు గోపాలు ట్రాక్టరు కొన్నాడు. ఎనభైల్లో ఆ చుట్టుపక్కల ట్రాక్టరంటే సామాన్యం కాదు. అంత బండి రాత్రంతా మంచులో తడుస్తుంటే, పొద్దున్నే అది స్టార్టు కాక గోపాలు దాని చుట్టూ తిరుగుతుంటే, పని చేయని ఎడ్లు మాత్రం పెంకుల కొట్టంలో వెచ్చగా నెమరు వేసేవి.

"కొట్టం ఖాళీ చేద్దాం నాన్నా. ఎడ్లను అమ్మేద్దాం. ఎవరో చిన్న రైతు తీసుకుంటాడు" అన్నాడు గోపాలు.

"ఎడ్లు పోతే చారో?" అన్నాడు వెంకటప్పయ్య.

"చారుకు ఎడ్లెందుకు? ఉలవలుంటే చాలుగా!"

"మరి గింజలు ఎవరు తింటారు? కట్టు పిండుకుని గింజలు పారబోస్తే కళ్లు పోతాయిరా."

పద్మావతమ్మ కల్పించుకుంది. ఎడ్లకు గడ్డి కోసేది ఆమె, పేడ తీసేది ఆమె. నొప్పెట్టే నడుమూ ఆమెదే. "పాడి గేదె ఉందిగా. గింజలు దానికి పెడదాం. పాలన్నా ఇస్తుంది."

వెంకటప్పయ్య తల అడ్డంగా ఊపాడు. "గేదె తినే ఉలవలకు చారు రుచి రాదే."

"గింజలు తినకముందే కట్టు వార్చేస్తావు గదయ్యా! ఆ గింజ ఎద్దు తిందో గేదె తిందో చారుకెలా తెలుస్తుంది?"

"తెలుస్తుంది" అన్నాడాయన, గోడ వైపు చూస్తూ.

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తారు? తల్లీకొడుకులు ఒక్కటయ్యారు. సంత బేరగాడికి కబురు వెళ్లింది. బేరగాడు రావడానికి పట్టిన రెండు రోజులూ వెంకటప్పయ్య ఎవరికి గ్లాసు అందించినా "తాగు నాయనా, ఇదే ఆఖరు. ఎడ్లను అమ్మేస్తున్నారు" అని దిగులుగా చెప్పాడు.

బేరగాడు వచ్చేసరికి వాకిలి నిండిపోయింది. డాక్టరు క్యారియరుతో వచ్చాడు. సోమ్లి గిన్నెతో వచ్చింది. తండా పెద్ద రూప్‌సింగ్ పదిమందిని వెంటేసుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏంది గోపాలు, ఎడ్లను అమ్ముతున్నవంట?"

"అవును మామా. పని చెయ్యని ఎడ్లు ఎందుకు చెప్పు?"

"గట్లెట్ల పని చేస్తలేవు? గవి తింటెనే గద మాకు చారు! నువ్వు కొట్టం కోసమని ఊరందరి నోరు కడుతవా?"

గోపాలుకు మతి పోయింది. సొంత ఎడ్లు అమ్ముకోవడానికి ఊరి అనుమతి కావాల్సి వస్తుందని వాడు కలలో కూడా అనుకోలేదు. బేరగాడు ఇవేవీ పట్టించుకోకుండా బేరానికని వాకిట్లో కట్టిన పుల్లోడి దగ్గరకు పోయాడు. నడుము మీద వేళ్లతో నొక్కాడు. డొక్కలో చర్మాన్ని పట్టి లాగి చూశాడు.

"బొక్కలే ఉన్నయ్. తోలు మాత్రం మంచిగుంది" అన్నాడు.

పద్మావతమ్మ గుమ్మంలో ఆగిపోయింది. ఆమె రైతు బిడ్డ. దున్నే ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. తోలు చూడడు. చిన్న రైతూ లేడు, ఎవరూ లేరు. మొగుడి కోసం వెతుక్కుంటూ పెరట్లోకి పోయింది.

వెంకటప్పయ్య కొట్టంలో మైలోడి పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో ఆ రోజు చారు గ్లాసు. ఆమె చూస్తుండగానే దాన్ని నెమ్మదిగా గాడిలో గింజల మీద వంచేశాడు.

"ఏం చేస్తున్నావు?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఏం లేదు. చారు తాగుతున్నా."

"తాగేది నువ్వా, మైలోడా?"

ఆయన దొరికిపోయిన మొహం పెట్టాడు. "నాకు పడదే. ఒక్క గుక్క దిగితే మూడు రోజులు గుండెల్లో మంట. మా అమ్మ ఉన్నప్పటి నుంచీ అంతే."

పద్మావతమ్మ గాడి అంచు పట్టుకుంది. "మరి ఎందుకయ్యా ఈ గుండిగ, ఈ పొగ, రోజూ ఇలా ఊరి మీద పడటం?"

"పుల్లోడు దున్నుతూ చాల్లో కూలబడ్డ ఏడాది గుర్తుందా? ఆ ఏటితో వీటి పని అయిపోయింది. పని లేని ఎద్దు రైతు ఇంట్లో ఎన్నాళ్లుంటుంది? ఇవాళ గోపాలు అడిగాడు, వాడు కాకపోతే ఇంకొకరు అడుగుతారు. దున్నే పని పోయిందని తినే పని పెట్టా. ఇవి తింటేనే ఊరికి చారు. చూశావుగా, వాకిట్లోకి ఎంతమంది వచ్చారో."

"ఆ ముక్క నాకు చెప్పొచ్చుగా?"

"ఎడ్ల మీద జాలి అంటే నవ్వుతారే. చారు మీద ఆశ అంటే ఎవరూ నవ్వరు."

ఇన్నేళ్ల నాటకానికి ఆమెకు నిజానికి కోపం రావాలి. రాలేదు. ఈ పిచ్చి మనిషి మీద అంత ఇష్టం ఆమెకు కాపురంలో ఎప్పుడూ కలగలేదు. కొంగు నడుముకు దోపుకుని విసవిసా వాకిట్లోకి నడిచింది.

"ఎడ్లను అమ్మం నాయనా. నువ్వు వెళ్లిరా" అంది బేరగాడితో.

గోపాలు నోరు తెరిచాడు. "నువ్వే గదమ్మా ఒప్పుకున్నావు? మరి ట్రాక్టరో?"

అంతలో రూప్‌సింగ్ లేచాడు. "ట్రాక్టరుకు పాక గావాలె, గంతేనా? అడివిల గడ్డి లేదా? మా పెరళ్లల్ల వెదురు లేదా? మేమేస్తం."

వేశారు కూడా. తండావాళ్లు వెదుళ్లు నాటి, తడికలు కట్టి, పైన మందంగా గడ్డి కప్పారు. మర్నాడు ట్రాక్టరు ఒక్క తిప్పుకే స్టార్టయ్యేసరికి గోపాలు ఎడ్ల మాట మళ్లీ ఎత్తలేదు. వెంకటప్పయ్యకు చారు పడదన్న సంగతి పద్మావతమ్మ ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం నుంచి ఆయనకు విడిగా ఒక చిన్న గిన్నెలో పులుపు లేకుండా పెసరకట్టు కాచి, ఎవరూ చూడకుండా కొట్టంలోకి పంపేది. చాలా ఏళ్ల తర్వాత చలికాలంలో వేడిగా ఏదన్నా కడుపులో పడిందని ఆయన పసిపిల్లాడిలా సంబరపడ్డాడు.

అయితే 'బొక్కలే ఉన్నయ్' అన్న మాట ఆమె మనసులో ముల్లులా మిగిలింది. తన ఇంటి ఎడ్లను ఎవడో వచ్చి అంత మాట అంటాడా? గుండిగలో ఉలవలు ఇంకో రెండు మానికలు పెంచింది. ఎడ్లు నున్నగా తేలాయి. ఉలవలు పెరిగితే కట్టు పెరిగింది, కట్టు పెరిగితే చారు పెరిగింది. ఊరంతా తాగినా, బస్సు తాగినా, డాక్టరు రెండు క్యారియర్లు పట్టుకుపోయినా మిగిలిపోయేది.

ఒక పొద్దున మణుగూరు నుంచి బొగ్గు వేసుకుని వస్తున్న లారీ డ్రైవరు, మంచులో రోడ్డుకు అడ్డంగా చెయ్యి చాపి నిలబడ్డ పెద్దావిడను చూసి గట్టిగా బ్రేకు వేశాడు. ఏదో ప్రమాదం జరిగిందనుకుని గాభరాగా కిందికి దూకాడు.

"ఏమైందమ్మా? దవాఖానకు తీస్కపోవాల్నా?"

"ఏం కాలేదు. ఇది తాగు" అని పద్మావతమ్మ గ్లాసు చేతికిచ్చింది.

వాడు వాసన చూశాడు. ఒక గుక్క తాగాడు. మొహం వెలిగిపోయింది. జేబులో చెయ్యి పెట్టాడు. "మస్తుందమ్మా! ఎంత?"

"డబ్బులు నాకెందుకు నాయనా? మా ఎడ్లకు పుణ్యముంటుంది, ఇంకో గ్లాసు తాగు."

డ్రైవరుకు ముక్క అర్థం కాలేదు. కానీ చలి గట్టిగా ఉంది, చారు వేడిగా ఉంది. ఖాళీ గ్లాసు ముందుకు చాపి, క్లీనరును కూడా కిందికి దిగమని కేకేశాడు.