తీగల మీద అమ్మ అరచేయి

మా నాయినను సాగనంపిన మధ్యాహ్నం మేడ్చల్ మందిరంలో ఉన్నవారు, ఉన్నవి ఇవి: పాస్టరుగారు, చాపల మీద ఆడవాళ్లు పద్దెనిమిది మంది, మగవాళ్లు ఇరవై ఇద్దరు, మా అమ్మ, నాయిన తమ్ముడైన శామీర్‌పేట కాక, వేపచెక్క పెట్టెలో మా నాయిన, పెట్టె పక్కన నేను, నాకంటే ఎత్తుగా నిలబడిన నా తీగల వాద్యం డబుల్ బాస్, నా కోటు లోపలి జేబులో సగం ఖాళీ అయిన రమ్ము సీసా.

సహోదరులారా, ఆ పెట్టె చేయవలసినవాణ్ణి నేను. మిషను పారిశ్రామిక పాఠశాలలో మూడేళ్లు వడ్రంగం, కొలతలతో పటం గీయడం నేర్చుకున్నాను. చేతులు వణికి ఉలి పట్టలేకపోతే కాక చేశాడు.

బాస్ నా చేతికి వచ్చిందీ వడ్రంగం వల్లనే. యుద్ధం రోజుల్లో సికింద్రాబాద్ కంటోన్మెంటులో సిపాయిల డాన్సులకు వాయించే గోవా బ్యాండువారు మెడ విరిగిన ఆ వాద్యాన్ని మరమ్మతుకు తెచ్చారు, నేను జిగురు కాచి అతికించాను, తీగ బిగించి మీటి చూస్తే ఆ శబ్దం నా రొమ్ములోకి దిగింది, ఏడాది తిరిగేసరికి అదే బ్యాండులో నేను జాజ్ వాయిస్తున్నాను! బాస్ వాయించేవాణ్ణి ఎవరూ చూడరు, కాని డాన్సు చేసే పాదాలన్నీ అతని లెక్కనే వింటాయి. అదే నా గర్వం. ఆ తీగలు ఎండిన గొర్రె పేగులతో పేనినవి, వేళ్లు బొబ్బలెక్కి పగిలేవి. మొదట నొప్పికని తాగాను, తరువాత వాయించడానికి తాగాను, చివరికి మంచం దిగడానికి తాగాను. నాయినకు జబ్బు చేసిందని రెండుసార్లు కబురు వచ్చింది. రెండుసార్లూ స్టేషను దాకా వెళ్లి సారా దుకాణంలో ఆగిపోయాను. మూడో కబురు ఆయన పోయాడని. ఈసారి రైలెక్కాను, సాగనంపే కీర్తనకు వాయిద్దామని బాస్ కూడా మోసుకొచ్చాను.

మందిరంలో కీర్తన ఎత్తుకున్నారు. తాళానికి నిదానంగా నాలుగు దెబ్బలు, బరువు మొదటి దెబ్బ మీద పడాలి. నేను సరిగ్గానే వాయిస్తున్నాననుకున్నాను! రెండో చరణానికి బరువు రెండో దెబ్బ మీదికి, నాలుగో దెబ్బ మీదికి జారింది, వేగం పెరిగింది, పాడేవాళ్లు తెలియకుండానే నా వెంట వచ్చారు, ముందు వరుసలో మడమలు ఆడాయి, ఎవరో చప్పట్లు కూడా మొదలుపెట్టారు, అయ్యో, మా నాయిన శవం ముందు సంఘం చేత డాన్సు పాట పాడించాను!

అమ్మ లేచి వచ్చి తీగల మీద అరచేయి అదిమిపెట్టింది.

"ఏందిరా గిది? మీ నాయినను మట్టిల వెడుతున్నమా, పెండ్లికి తోల్కపోతున్నమా?"

"నేనేం తప్పు వాయించలే అమ్మా."

కాక నా ముఖం దగ్గరికి వంగి వాసన చూశాడు. "గంత పెద్ద ఫిడేలు మోసుకొచ్చినవ్, గా సీసా ఒక్కటి ఆడనే ఇడిసి రాలేకపోయినవా కొడకా?"

మిగిలిన చరణాలు పాడలేదు. పెట్టె మోసుకెళ్లి మట్టి వేశారు.

తాగుబోతునని నాకు ముందే తెలుసు. తప్పు నా చెవికి తప్పుగా వినబడడం లేదని మాత్రం ఆ రోజే తెలిసింది. "ప్రభువా, చేతులు పోయాయి, చెవి కూడా పోయింది, ఇంకేం మిగిలిందో నాకు తెలియదు, మిగిలినదాన్ని నువ్వే పట్టుకో" అని మట్టి చేతులతోనే మోకరించాను.

కాక నన్ను శామీర్‌పేటకు తీసుకెళ్లాడు. ఐదు రోజులు వణుకు, చెమట, గోడ మీద లేని చీమలు. కాక నా రెండు మణికట్లూ పట్టుకుని కూర్చుని అడిగేవాడు: "యేసయ్యా, అన్నను దీస్కపోయినవ్, సరే. గీ పోరగాన్నన్న జర మాకు ఇడిసిపెట్టు." ఆరో రోజు జొన్న అంబలి కడుపులో నిలిచింది. దేవునికే మహిమ! ఆ తరువాత ఒకసారి మళ్లీ పడ్డాను, దాచను. ఆయన మళ్లీ లేపాడు.

ఎనిమిది నెలలకు అదే మందిరంలో అదే కీర్తనకు వాయించాను. బయటికి వచ్చాక అమ్మ నా వేళ్లు పట్టుకుని చూసింది.

"ఇయ్యాల సక్కగ వాయించినవ్ బిడ్డా. మీ నాయిన ఇనలే."

ప్రభువు నా చేతులను తిరిగి ఇచ్చాడు, ఆ మధ్యాహ్నాన్ని తిరిగి ఇవ్వలేదు. అయినా ఆయనకే స్తోత్రం! సహోదరులారా, కబురు వచ్చినప్పుడు దుకాణం దగ్గర ఆగేవారు మీలో ఉంటే, మూడో కబురు దాకా ఆగకండి, ఆయనను నమ్మండి. శనివారాలు శామీర్‌పేటలో కాక ఇంట్లో కలిసి ప్రార్థిస్తాం. తాగుడు మానాలని ఐదుగురం మొదలుపెట్టాం. ఇప్పటికి తాగకుండా ఉన్నది ఇద్దరం.