ఎర్రపెన్ను మేడం సిఫార్సు

కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పడం మానేసి ఏళ్లు గడిచినా, ఎర్రపెన్ను మేడంకి ఆ పేరు వదల్లేదు. పరిశోధనలకు డబ్బిచ్చే సంస్థవాళ్లు, దరఖాస్తులు చదివి మంచిచెడ్డలు చెప్పిపెట్టమంటే సరేనంది. జీతం లేదు, భత్యం లేదు. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని ఆడపడుచు రోజూ ఓ చురక అంటించి, బల్ల మీది కాగితాలు పక్కకు తోసి కూరగాయలు తరుక్కునేది.

ఆ దరఖాస్తులు చదువుతుంటే మేడంకి ఒళ్లు మండేది. ఒకాయన ప్రపంచాన్నే మార్చేస్తానంటాడు, ఎలాగో చెప్పడు. ఇంకొకాయన పాత దరఖాస్తుకే కొత్త చొక్కా తొడిగి పంపుతాడు. అలాంటివాటికి ‘బాగుంది’ అని ఒక్క ముక్క రాసి పడేసేది. చెప్పినా బాగుపడనివాళ్లతో గొంతు చించుకోవడమెందుకని ఆవిడ లెక్క. పనికొచ్చేది కనబడిందా, కుర్చీ దగ్గరికి లాక్కుని కోడిగుడ్డుకు ఈకలు పీకేది.

కిందటేడు ఒకమ్మాయి, పాత పైపుల్లోంచి కుళాయి నీళ్లలోకి దిగే సీసం లోహాన్ని ఇంట్లోనే చౌకగా కనిపెట్టే పద్ధతి రాసి పంపింది. మేడంకి ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో పేజీలకు పేజీలు తప్పులు పట్టింది. ఈ ఏడు అదే దరఖాస్తు, పట్టిన ప్రతి తప్పూ దిద్దుకుని మళ్లీ వచ్చింది. పోయినసారి ఎందుకు ఆపారో చెప్పమని మేడం కమిటీ పెద్దాయనకు ఫోన్ చేసి నిలదీసింది.

“మీరే కదమ్మా ఆపింది,” అన్నాడాయన నీరసంగా. “అన్నేసి పేజీలు తిడితే నచ్చలేదనుకున్నాం.”

“నచ్చకపోతే అంత ఓపిగ్గా ఎందుకు తిడతానండీ?”

“మీ స్టూడెంట్లకు తెలుస్తుందేమో. మాకెలా తెలుస్తుంది?”

మేడం ‘బాగుంది’ అన్నవాళ్లకు డబ్బు ముట్టిందట. ఈసారీ కాదంటే, రూలు ప్రకారం ఆ అమ్మాయి దరఖాస్తును ఇక ముట్టుకోరట.

ఫోన్ పెట్టేసి, ఇంత చదువుకున్నవాళ్లకు తిట్టుకీ ప్రేమకీ తేడా తెలీదా అని మేడం చిర్రుబుర్రులాడింది.

ఆడపడుచు బీన్సు ఈనెలు తీస్తూ తలెత్తలేదు. “నువ్వొచ్చిన కొత్తలో నాకు కుట్టుపని నేర్పావు గుర్తుందా వదినా? కుట్టినదంతా విప్పించేదానివి. నేనంటే నీకు పడదనుకుని ఎన్నిసార్లు ఏడ్చానో.”

“నీ చెయ్యి మంచిదనే కదే విప్పించింది!”

“ఆ ముక్క ఇవాళ చెప్తున్నావు.”

మేడం కాగితం ముందుకు లాక్కుని రాసింది: ‘ఇది మంచి పని. ఈ అమ్మాయికి డబ్బివ్వండి.’ రాశాక దరఖాస్తు రెండో పేజీలో అక్కరలేని వాక్యమొకటి కంటబడింది. చెయ్యి దురద పెట్టింది. పళ్లు బిగబట్టి, పెన్ను ఆడపడుచుకి అందించింది.

“ఇది పంపించేదాకా అడిగినా ఇవ్వకు.”

ఆడపడుచు పెన్ను కొప్పులో గుచ్చుకుని, మళ్లీ బీన్సు అందుకుంది.