నలగని పసుపు కొమ్ములు

మొన్న మా ఇంటికి కొత్త మిక్సీ వచ్చింది. కోడలు కొబ్బరి ముక్కలు వేసి మీట తిప్పగానే నాలుగు చుట్లు తిరిగి, గుర్రుమని ఆగిపోయి, అడుగునుంచి సన్నగా పొగ వదిలింది. ఆ పిల్ల విసుక్కుంటూ ఫోన్లో ఏదో నొక్కింది. పాడైనదాన్ని పట్టుకుపోయి మర్నాటికల్లా ఇంకోటి ఇచ్చి వెళతారట. ఆ మాట చెప్పేసి తన పనిలో తను పడిపోయింది. నేను మాత్రం వంటింటి గడప దగ్గరే నిలబడిపోయాను. మోటారులో రాగితీగ చుట్ట, అదే కాయిలు, కాలిన వాసన మీలో ఎంతమందికి గుర్తుందో గానీ, నాకది తగిలితే ఈనాటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఎనభైల్లో మాట. గురజాల దగ్గర పల్లెలో ఉండేవాళ్ళం. పచ్చడి లేనిదే ముద్ద దిగని ఇల్లాయె మాది, కారం కొట్టడం దగ్గర్నుంచి గోంగూర నూరడం దాకా అంతా రోట్లోనే, దంచీ దంచీ అమ్మకు కుడి భుజం పట్టేసి జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు. నాన్న పైకి ఒక్క మెత్తని మాట అనే మనిషి కాదు. అలాంటిది మిర్చి బాగా పండిన ఏడు ఎవరికీ చెప్పకుండా నరసరావుపేట వెళ్ళి మిక్సీ కొని, కిక్కిరిసిన బస్సులో పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మా వీధి మొత్తానికి అదే మొదటిది.

మన ఇళ్ళలో ఏ శుభమైనా ముందు పసుపు దంచి గానీ మొదలుపెట్టం కదా. నాయనమ్మ ఆ మాటే గుర్తుచేసింది, అమ్మ మిక్సీకి బొట్టు పెట్టి గిన్నెలో పసుపు కొమ్ములు వేసింది. రాయిలాంటి కొమ్ముల్ని మిషన్లో వెయ్యొచ్చా అన్న అనుమానం చూడవచ్చిన ఆడవాళ్ళలో ఒక్కరికీ రాలేదు. మా ఊరి కరెంటు సంగతి మీకు తెలియనిది కాదు, సందె వేళ బల్బులో తీగ ఎర్రగా కనపడేదే తప్ప వెలుగిచ్చేది కాదు. ఆ పొద్దు మాత్రం కరెంటూ నిండుగా ఉంది. అమ్మ నవ్వుతూ మీట తిప్పింది. గుర్రుమన్నది, పొగ, ఆ వాసన. మూత తీస్తే కొమ్ములు సగం సగం విరిగి అలాగే ఉన్నాయి. ఎదురింటి అత్త, "శుభమా అని వేస్తే పసుపే నలగలేదేందమ్మా!" అన్నది. ఆమెకు కుళ్ళూ కుత్సితమూ తెలియవు, నోటికొచ్చింది అనేసింది. అమ్మ నవ్వు మాత్రం అక్కడే ఆగిపోయింది.

నాన్న మిక్సీని మళ్ళీ పేటకు మోసుకెళ్ళాడు. షాపతను గిన్నెకంటిన పసుపు చూసి, కొమ్ములేసి తిప్పితే ఆగిపోక ఏం చేస్తుందని తిప్పి పంపేశాడు. నాన్న ఇంటికొచ్చి దాన్ని గూట్లో పెట్టాడు, అమ్మను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదని అమ్మ తర్వాత ఎన్నోసార్లు అనుకున్నది.

ఆ వానాకాలం నాన్నకు పచ్చకామెర్లు వచ్చాయి. పసరు పోయించాం, గుంటూరు తీసుకెళ్ళాం. ఆయన కళ్ళు పసుపు ముద్దల్లా అవుతుంటే అమ్మ ఆ ముఖంలోకి చూడలేక గూట్లోని మిక్సీ వంక చూసేది. నాన్న మాకు దక్కలేదు.

ఆ తర్వాత అమ్మ ఆ మిక్సీని పారెయ్యనివ్వలేదు, బాగు చేయించనివ్వలేదు. ఆ భుజంతోనే రోకలి ఎత్తింది. నేను దంచుతానన్నా ఇచ్చేది కాదు. రోకలి చప్పుడు మధ్యలో ఆగిందంటే అమ్మ ఏడుస్తోందని పక్క గదిలో మాకు తెలిసేది.

పెళ్ళై నేను పేటకు కాపురానికి వచ్చాక, ఒకసారి అమ్మతో పోట్లాడి మరీ ఆ మిక్సీ తెచ్చుకున్నాను. మా వీధిలో మోటార్లు బాగుచేసే సాయిబు మామయ్య ఉండేవాడు. విప్పి చూసి, "కొమ్ముల తప్పేం లేదమ్మాయ్. దీని కాయిలు కంపెనీలోనే సరిగ్గా చుట్టలా. మజ్జిగ చిలికినా ఇట్టాగే పోయేది" అన్నాడు. నా ఆనందం ఏం చెప్పను! దొరికిన బస్సెక్కి ఊరికి పరుగెత్తాను. రోటి దగ్గరున్న అమ్మకు అంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. అమ్మ మొత్తం విన్నది.

"అట్టయితే మీ నాన్న ఊరికినే పోయాడా?" అన్నది.

ఆమె బరువు దించుతున్నాననుకున్నాను గానీ, ఆమె ఇన్నేళ్ళూ దాన్నే పట్టుకుని నిలబడి ఉందని నాకు తెలియలేదు. అమ్మ మళ్ళీ రోకలి అందుకుంది. పోయేదాకా ఆ సంగతి మా మధ్య రాలేదు.

ఈ రోజుల్లో వస్తువు చెడితే వస్తువే చెడుతుంది. దాని కోసం కుమిలిపోయేవాళ్ళు లేరు, అదొక సుఖమే, కాదనను. మర్నాడు చెప్పినట్టే కొత్తది వచ్చింది. ముందేం వెయ్యమంటారత్తయ్యా అని కోడలు అడిగింది. ఏదైనా వెయ్యి తల్లీ, పసుపు మాత్రం వద్దన్నాను. ఎందుకని ఆ పిల్ల అడగలేదు. మిక్సీ హాయిగా తిరిగింది. అది తిరుగుతున్నంతసేపూ నేను వంటింటి గడపలో నిలబడి, హాల్లో పేపరు చదువుకుంటున్న మా ఆయన కళ్ళ వంకే చూస్తూ ఉండిపోయాను.