సగం పొద్దు బొమ్మ

మోకాళ్ళ నొప్పులకని డాక్టరు రాసిన మందుల్లో బీకాంప్లెక్స్ మాత్రలు కూడా ఉన్నాయి. నిన్న పొద్దున సీసా మూత తీయగానే ఆ వాసన గుప్పుమంది. పులిసిన పిండికీ తడిసిన గోనెసంచికీ మధ్య ఎక్కడో ఉండే వాసన అది. ఎవరైనా ముఖం తిప్పుకుంటారు. నేను మాత్రం సీసా చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. మా ఆయన చూసి, "గవి వాసన చూసేటందుకు ఇచ్చిండ్రా, మింగేటందుకు ఇచ్చిండ్రా?" అని నవ్వాడు. పెళ్ళై ఇన్నేళ్ళయినా నేను ఆయనకు చెప్పనే లేదు, అది మా కుర్మయ్య సార్ చొక్కా వాసన అని.

వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ పోయే దారిలో, బిజినేపల్లి ఇంకా రాకముందే, ఎర్రమట్టి చెలకల మధ్య మా ఊరు. ఊళ్ళో రెండు గదుల చిన్న దవాఖాన ఒకటి ఉండేది. వనపర్తిలో ఉండే డాక్టరుగారు వారానికి రెండు రోజులు మోటారు సైకిలు మీద వచ్చి చూసిపోయేవారు. మిగతా ఐదు రోజులూ దవాఖాన అంటే కంపౌండర్ కుర్మయ్యే. పొట్టి మనిషి, మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా, చెవి మీద ఒకవైపు ఎరుపూ మరోవైపు నీలమూ ఉండే పెన్సిలు. పాత పేపర్లతో పొట్లాలు కట్టి, వాటి మీద ఆ పెన్సిలుతో బొమ్మలు గీసి ఇచ్చేవాడు. చదువు రానివాళ్ళకు ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో ఆ బొమ్మలే చెప్పాలి. పొద్దుటికి వేపపుల్ల, మధ్యాహ్నానికి సద్ది మూట, రాత్రికి దీపం. ఆలోచన ఎంత బాగుందో బొమ్మలు అంత అధ్వానంగా ఉండేవి. ఆయన వేపపుల్ల మునక్కాయలాగా, సద్ది మూట ఉల్లిగడ్డలాగా ఉండేది. దీపం సంగతి చెప్పక్కరలేదు, మిరపకాయే.

పొట్లం చేతికిచ్చాక కూడా మనిషిని ఊరికే పోనిచ్చేవాడు కాదు. "ఇగో, ఇప్పుడు నువ్వు కంపౌండర్వి, నేను రోగిని. ఎట్ల ఏసుకోవాల్నో జర నాకు చెప్పు" అనేవాడు. ముసలివాళ్ళు సిగ్గుపడుతూ, నవ్వుతూ చెప్పేవాళ్ళు. తప్పు చెబితే మళ్ళీ మొదటినుంచీ. వెనక వరసలో వాళ్ళు విసుక్కున్నా ఆయనకు పట్టేది కాదు.

అవి ఎనభైల చివరి రోజులు. నేను రెండు రైళ్ళు మారి పోవలసినంత దూరంలో, ఒక పెద్ద నగరంలో డిజైన్ చదువుతున్నాను. ఆ చదువేమిటో మా ఊళ్ళో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. "చీరల మీద పూలు గీసుడేనా? గద్వాలకు పోతే ఉట్టిగనే నేర్పుతరు గద" అని మా మేనత్త తేల్చేసింది. మూడో ఏడు సెలవుల్లో మా ప్రొఫెసర్, మీ ఊళ్ళో ఒక సమస్య వెతికి పరిష్కరించి రమ్మన్నారు. నేను ఎక్కువ వెతకలేదు. కుర్మయ్య సార్ పొట్లాలు ఉండనే ఉన్నాయి కదా.

ఎప్పుడు తలచుకున్నా నా మీద నాకే నవ్వొస్తుంది, కాస్త కోపం కూడా వస్తుంది. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. తక్కువ గీతలతో ఎక్కువ చెప్పాలని, మంచి గుర్తు ఏ దేశంలోనైనా అర్థమవుతుందని నోట్సులో రాసుకుని వచ్చాను. వారం రోజులు కూర్చుని మూడు బొమ్మలు తయారు చేశాను. నేల మీంచి సగం లేచిన సూర్యుడంటే పొద్దున. నిండు సూర్యుడంటే మధ్యాహ్నం. చంద్రవంక అంటే రాత్రి. ఎంత ముచ్చటగా వచ్చాయో చెప్పలేను. తీసుకెళ్ళి కుర్మయ్య సార్ బల్ల మీద పెట్టాను.

ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని చాలాసేపు చూశాడు. "మస్తున్నయ్ బిడ్డా. నావి ఎవ్వనికన్న చూపిస్తే పరువు పోతది. ఎవరికన్న చూపిచ్చినవా?"

"మీకే చూపిస్తున్న గద సార్."

"నాకు సదువొస్తది. నేను చూస్తే ఏం ఫాయిదా?"

"పొద్దు, చంద్రుడు తెల్వనోళ్ళు ఎవరుంటరు సార్ లోకంల?" అన్నాను.

ఆయన గడ్డం గోక్కున్నాడు. పెద్ద చదువు చదువుతున్న పిల్ల మనసు నొప్పించడం ఎందుకనుకున్నాడేమో. సరేనన్నాడు. వనపర్తి ప్రెస్సులో బ్లాకులు చేయించి, గోధుమరంగు కవర్ల మీద మూడు బొమ్మలూ అచ్చు వేయించాను. ఏ పూట వేసుకోవాలో ఆ బొమ్మ చుట్టూ సున్నా చుడితే చాలు, పని అయిపోతుంది.

తొలకరి పడగానే జ్వరాలు మొదలయ్యాయి. దవాఖాన అరుగు దాకా జనం. ఒకరోజు కుర్మయ్య సార్ లోపల సూదులు వేస్తుంటే, తానే మాత్రలు ఎంచి, ఎవరికి ఏవి ఏ పూటకో చెప్పి, సీసాలు సర్దిపెట్టి, కవర్లలో పోసి ఇవ్వమని నాకు అప్పగించాడు. "ఇచ్చి అడుగు బిడ్డా, మరువకు" అని లోపలినుంచి ఒకసారి కేక వేశాడు కూడా. నేను అడగలేదు. గుర్తు తనంతట తానే చెబుతున్నప్పుడు మళ్ళీ అడగడం ఎందుకనుకున్నాను. అడగకుండా ఇస్తే వరస కూడా చకచకా కదిలింది. నా డిజైన్ ఎంత సమయం మిగిల్చిందో ప్రొఫెసర్‌కు రాయాలని మనసులో లెక్కలు వేసుకుంటున్నాను.

ఆ వరసలో ఈదమ్మ వచ్చింది. మా వెనక వీధిలోనే ఉండేది, నలభై ఏళ్ళుంటాయి. చిన్నప్పటినుంచీ ఆమెకు ఫిట్స్. ఎక్కడ పడిపోతుందోనని ఇంట్లో వాళ్ళు ఆమెను పొయ్యి దగ్గరికి, బావి దగ్గరికి పోనిచ్చేవాళ్ళు కాదు. పెళ్ళయి వచ్చాక కూడా రొట్టె ఆమె అత్త చేసి పెడితేనే తినాలి. కుర్మయ్య సార్ పట్టుబట్టి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చిన్న తెల్లమాత్రలు క్రమం తప్పకుండా వేయించాక, రెండేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు. ఆ రెండేళ్ళుగానే ఆమె తన పొయ్యి తాను అంటించుకుంటోంది, తన నీళ్ళు తాను తెచ్చుకుంటోంది. మాత్రలకు వచ్చిన ప్రతిసారీ ఆ రోజు ఏం వండిందో చెప్పి మరీ పోయేది.

ఆమె మందు కవర్లో పోసి, సగం సూర్యుడికీ చంద్రవంకకీ సున్నాలు చుట్టి ఇచ్చాను. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. "మారిందే బిడ్డా" అంది. "కొత్త బొమ్మలు అత్తా. మంచిగున్నయా?" అన్నాను. "మంచిగున్నయ్" అంది, ముఖమంతా వెలిగిపోతుండగా. ఆ సంతోషం నా బొమ్మలు చూసే అనుకున్నాను.

పదిరోజులు తిరగకుండానే ఈదమ్మను ఆమె భర్త బండి మీద తీసుకొచ్చాడు. కుడిచేయి అరచేతి నుంచి మణికట్టు దాకా కాలిపోయి ఉంది. రొట్టె తిప్పుతుండగా ఫిట్స్ వచ్చి పెనం మీద పడిపోయిందట. కుర్మయ్య సార్ చేయి కడిగి, మందు రాసి, కట్టు కట్టాడు. అప్పుడు అడిగాడు, "గోలీలు బంద్ చేసినవా ఈదమ్మా?"

"లేదు సార్. మీరు తక్కువ చేసిండ్రు గద, గట్లనే ఏసుకుంటున్న."

"నేనేడ తక్కువ చేసిన?"

ఆమె ఎడమచేత్తో కొంగు ముడి విప్పింది. అందులో తెల్లమాత్రల ముక్కలు. బ్లేడుతో కోసినవి. "పొద్దుగాలకు సగం పొద్దు ఉండె, సగం గోలి ఏసుకున్న. రాత్రికి గా చంద్రవంకంత ముక్క. మిగిలినయి పారేసుడెందుకని తెచ్చిన. వేరేటోళ్ళకు అక్కరకొస్తయి" అంది. తరువాత ఇంకో మాట అంది. "జబ్బు తగ్గుముఖం పట్టిందేమో, సార్లు మందు తగ్గించిండ్రని మస్తు ఖుషీ అయిన."

ఆ ముక్కల్లో కొన్నిటి అంచున, చంద్రవంకను కోసి తీసిన చోట, నేను గీసిన వంపు ఎంతుందో అంతే వంపు ఉంది, అంత ఓపిగ్గా కోసింది. నా బొమ్మను అంత శ్రద్ధగా ఇప్పటిదాకా ఎవరూ చదవలేదు.

ఆమె భర్త కోపంగా ఏదో అనబోయాడు. కుర్మయ్య సార్ అతని భుజం మీద చేయి వేసి, "తప్పు నాది. ఇచ్చినంక అడుగలే" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నాది అనవలసిన మాట నా నోటి దాకా వచ్చింది, బయటికి రాలేదు. ఆయన తన మీద వేసుకుంటుంటే ఊరుకున్నాను. ఆ సిగ్గు ఈనాటికీ పోలేదు.

వాళ్ళు వెళ్ళాక తిడతాడనుకున్నాను. ఆయన గోడకు ఆనించిన సైకిలు తీశాడు. "ఎంతమందికి ఇచ్చినవో యాదికి తెచ్చుకో. పోదాం పా" అన్నాడు. రెండు రోజులు చెలకల వెంట, గుడిసెల వెంట తిరిగి కవర్లన్నీ వెతికాం. ప్రతి ఇంటి ముందూ నన్నే అడగమన్నాడు, ఈ బొమ్మ ఏమిటని. నిండు సూర్యుణ్ణి చూసి మాత్రలను ఎండబెట్టాలనుకుని చాటలో పోసి మిద్దె మీద పెట్టాడు ఒక పెద్దాయన. చంద్రవంక కనిపించిన రోజే వేసుకోవాలని ఒకావిడ నెలవంక కోసం ఎదురుచూస్తోంది. ఇంకొకాయన సగం సూర్యుణ్ణి చూసి, "గుట్ట గద బిడ్డా. దేవుని గుట్టకు పోయి మొక్కి వచ్చినంక ఏసుకుందామని ఆగిన" అన్నాడు. కుర్మయ్య సార్ పక్కకు తిరిగి నవ్వాపుకున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కానీ మిగతా ఎవరికీ ఏ కీడూ జరగలేదు. మా అదృష్టం తప్ప అందులో మా గొప్పేమీ లేదు.

మూడోరోజు పొద్దున ఒక్కదాన్నే ఈదమ్మ ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో కూర్చుని ఉంది. లోపల పొయ్యి దగ్గర మళ్ళీ ఆమె అత్త ఉంది. నేను ఈదమ్మ పక్కన కూర్చున్నాను. "బొమ్మ గీసింది నేను అత్తా. ఇచ్చినంక అడుగంది గూడ నేనే. సార్ తప్పు కాదు" అని చెప్పేశాను.

ఆమె నా వైపు తిరిగింది. "నీదేం తప్పు బిడ్డా. నువ్వు మంచిగనే గీసినవ్. నాకే తెల్వలే. సదువు రానోళ్ళ బతుకు గట్లనే ఉంటది" అంది. నన్ను ఓదార్చడానికి కట్టు లేని చేత్తో నా వీపు నిమిరింది కూడా.

తిరిగొచ్చి ఆ మాట కుర్మయ్య సార్‌కు చెప్పాను. క్షమించింది అనబోయాను. ఆయన అడ్డుపడ్డాడు. "ఆమె మాఫ్ చేయలే. తప్పు తన నెత్తిన పెట్టుకున్నది. జనాలకు గది అలవాటు. మనం గీసిన దాంట్ల ఉన్న తప్పును గూడ తమదే అనుకుంటరు. జర పైలం బిడ్డా, గా మాట ఇని నువ్వు నిమ్మలపడ్డవనుకో, ఇగ జన్మల మంచి బొమ్మ గియ్యవు" అన్నాడు. డిజైన్ ఎవరికోసం, దాని బాధ్యత ఎక్కడ మొదలవుతుందీ అని ఆ తరువాత ఎందరో చెప్పగా విన్నాను. ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఈదమ్మకు మళ్ళీ సరిగ్గా మాత్రలు మొదలుపెట్టాక, కుర్మయ్య సార్ ఆమెను రోజూ కట్టు మార్చుకోవడానికి వచ్చినప్పుడు స్టూలు వేసి కూర్చోబెట్టేవాడు. నేను గీసింది ఆమెకు చూపించాలి. మొదట్లో ఏది చూపినా, "నాకు తెల్వలే బిడ్డా" అని దొంగతనం చేసి పట్టుబడ్డట్టు తల వంచుకునేది. ప్రతిసారీ సార్ దిద్దేవాడు. "నీకు తెల్వకపోవుడు కాదు ఈదమ్మా. గా బొమ్మ నీకు చెప్పలే. గట్ల అను." ఆమె అనేది కాదు. నేను మళ్ళీ వేపపుల్లకూ సద్ది మూటకూ దీపానికీ వచ్చాను, ఈసారి అవి వాటిలాగే కనిపించేట్టు. ఎన్ని మాత్రలన్నది ఎలా చూపాలో తెలియక కొట్టుకుంటుంటే, దారి ఆమే చూపింది. "ముగ్గుకు పెట్టినట్టు సుక్కలు పెట్టు. ఎన్ని సుక్కలో గన్ని గోలీలు" అంది. అప్పుడు సార్ నా వంక చూసిన చూపులో, నీ ప్రొఫెసర్‌కు ఇది రాయి అన్నట్టుంది. రాశాను. ఆ చుక్కలు ఎవరివో కూడా రాశాను.

కుర్మయ్య సార్ పోయి చాలా ఏళ్ళయింది. ఈదమ్మ ఆ శ్రావణంలోనే మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంది. నేను ఆ తరువాత పోస్టర్లు వేశాను, పాఠ్యపుస్తకాలకు బొమ్మలు గీశాను, బ్యాంకుల్లో నింపే కాగితాలను తేలిక చేసే పని చేశాను. నా పనిని మెచ్చుకున్న పెద్దవాళ్ళు ఉన్నారు. వాళ్ళు అన్న మాటలు చాలావరకు మరిచిపోయాను.

సెలవులు అయిపోయే ముందురోజు మాత్రం మరవలేదు. దీపం బొమ్మ ఒకటి కొత్తగా గీసుకుపోయాను, చాలా బాగా కుదిరిందని లోలోపల మురిసిపోతూ. ఈదమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. ఎప్పటిలా తల వంచుతుందేమోనని నేనూ సార్ ఎదురుచూస్తున్నాం. ఆమె వంచలేదు. నా కళ్ళలోకి చూస్తూ కాగితం తిరిగి ఇచ్చేసింది. "గీ బొమ్మ నాకేం చెప్తలేదు బిడ్డా. మల్ల గియ్యి" అంది.

నేను గీసినదాన్ని ఎవరికి చూపినా ఆ మాట కోసమే ఎదురుచూస్తాను. ఎవరైనా తల వంచుకుని, నాకు అర్థం కాలేదండీ, నాకంత తెలివి లేదండీ అంటే, వాళ్ళ చేతిలోంచి ఆ కాగితం వెనక్కి తీసుకుంటాను.