అందించిన మాట

ఆ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలరు దగ్గర పనిచేసేవాణ్ణి అందరూ నత్తోడనే పిలిచేవారు. అతనికి నత్తి ఒక బాధయితే, ఎదుటివాళ్ళ ఉపకారబుద్ధి ఇంకో బాధ. మాట గొంతులో తట్టుకుందో లేదో, ఆ మహానుభావులే దాన్ని పూర్తిచేసి చేతిలో పెట్టేవారు. అది తను అనబోయిన మాట కాకపోయినా అతను తలూపేసేవాడు. కాదనాలంటే మళ్ళీ మొదటికి రావాలి కదా మరి. అలా తలూపబట్టే మంగలి దగ్గర మీసం పోగొట్టుకున్నాడు. పంటినొప్పికి మందు అడగబోయి పేలమందు కొనుక్కొచ్చాడు. లాండ్రీ అంతా పడీపడీ నవ్వింది. అతనూ నవ్వాడు, ఏం చేస్తాడు?

భార్య మాత్రం ఎన్నడూ మాట అందించలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా సరే, అతను చెప్పడం అయ్యేదాకా అలా చూస్తూ నిలబడేది. "మీ మాట మీరే చెప్పండి, నాకేం తొందర లేదు" అనేది. ఆమె దగ్గర నత్తి సగానికి సగం తగ్గేది.

ఆమె తమ్ముణ్ణి లాండ్రీలో పెట్టించింది ఇతనే. రోలరు ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి దానికి తగిలితే చాలు, యంత్రం ఠక్కున ఆగిపోతుంది. దుప్పటి తగిలినా ఆగుతోంది, పని సాగడం లేదని సూపర్‌వైజరు దాన్ని కదలకుండా తీగతో కట్టేశాడు. అది చూసింది బావ ఒక్కడే. ఆ వారంలోనే బావమరిది కుడిచెయ్యి దుప్పటితోపాటు లోపలికి పోయింది. జనం పోగయ్యేలోగా ఆ కట్టిన పెద్దమనిషే తీగ తెంపి జేబులో వేసుకున్నాడు. అదీ బావే చూశాడు.

కుర్రాడు ఆస్పత్రి నుంచి వచ్చాక యజమాని గదిలో విచారణ పెట్టారు. నిద్రలో తూగి తనే చెయ్యి పెట్టాడని సూపర్‌వైజరు వాదన. అదే ఖాయమైతే ఉద్యోగమూ లేదు, పరిహారమూ లేదు.

"బావ చూశాడుగా అక్కా, నాకేం భయం" అన్నాడు కుర్రాడు బయల్దేరేముందు.

బావ ఆ పొద్దున గోడకేసి చూస్తూ ఒక్క వాక్యం వల్లెవేసుకున్నాడు. "సూపర్‌వైజరు కడ్డీ కట్టేశాడు." గోడ దగ్గర ఒక్కసారి కూడా తడబడలేదు.

"ఏం జరిగిందో చెప్పవయ్యా" అన్నాడు యజమాని.

"సూ... సూ... సూప..."

మెడనరాలు పొంగాయి. యజమాని గడియారం చూసుకున్నాడు. సూపర్‌వైజరు జాలిపడుతున్నట్టు ముందుకు వంగాడు.

"పాపం, ఎంతసేపని అవస్థ పడతాడు సార్. వాడు నిద్రలో తూగాడు. అంతేగా నువ్వు చెప్పేది?"

తల ఊగిపోయింది. ఊగాక గానీ అతనికి తెలియలేదు.

"కా... కా..." అన్నాడు లేచి నిలబడి.

"సరే, అయిపోయింది, వెళ్ళు" అంటూ యజమాని అప్పటికే లేచాడు. బావమరిది ఎడంచేత్తో తలుపు తీసి బావ కోసం పట్టుకున్నాడు. తిట్టినా కొంత బాగుండేది.

ఇద్దరూ ఇంటికొచ్చేసరికి ఆమె గుమ్మంలో ఉంది.

"చెప్పారా?"

"నే... నేను... త..."

ఆమె ఎప్పటిలాగే ఆగింది. లోపల పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వస్తోంది. తమ్ముడు అక్క ముఖం చూడలేక అరుగు మీద కూలబడి, చేతికట్టుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె తమ్ముణ్ణి చూసింది, భర్తని చూసింది. అతని పెదాలు ఇంకా ఆ మాట దగ్గరే కొట్టుకుంటున్నాయి.

"తలూపి వచ్చారు" అంది.

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అతని మాట పూర్తిచేయడం అదే మొదలు.

అతను తలూపాడు.