అమావాస్యనాడు పేనిన తాడు

ఎనభైల్లో ఓ మధ్యాహ్నం మూఢనమ్మకాల మీద మాట్లాడడానికి పాలకుర్తి వెళుతుంటే, వరంగల్ బస్టాండులో నా పుస్తకాల సంచి పిడి తెగింది. పుస్తకాలు లేకుండా వాదానికి ఎలా దిగను? డ్రైవరు చాయ్ తాగి వచ్చేలోగా బాగుచేయమని, పక్కనే తాళ్లు అమ్మే ముసలమ్మను అడిగాను.

“ఇయ్యాల అమాస సారూ. తాడు పేన.”

అమావాస్యకూ తాడుకూ ఏం సంబంధమని అక్కడే చతికిలబడి ఉపన్యాసం ఎత్తుకున్నాను. ఆమె జనపనార నా ఒళ్లో పడేసింది.

“పట్టింపు నాది. నీకు లేదు గద, నువ్వే పేనుకో. మూడు పాయలు తియ్యి బిడ్డా.”

మా గోదావరి వైపు పాయ అంటే ముందు ఏరే గుర్తొస్తుంది. ఇక్కడ అది నా వేళ్ల మధ్య మెలికలు తిరిగే నార. “గట్టిగ తిప్పు” అని ఆమె నవ్వుతుండగానే వంకరగా ఓ పిడి తయారైంది. సంచి భుజానికెత్తుకుని హుషారుగా బస్సెక్కాను.

“మల్ల అమాసకు రా సారూ!” వెనక నుంచి కేకేసింది. “మస్తు తాళ్లు పేనేదున్నది!”